మర్యాద, మూడు గ్రాములు

ఒకటో రోజు, సోమవారం

ఇవాళ వాపసు కిటికీకి కొత్త కాటా బిగించారు. దాంతోపాటు ఈ పుస్తకం ఇచ్చారు. కాటా పక్కనున్న కంప్యూటరు పలక పని చెయ్యకపోతే ఇందులో రాయాలని ఫణీంద్రగారు చెప్పారు. ఆయన మా మెరక బజారుకి మేనేజరు. పలక బాగానే పని చేస్తోంది. అయినా పుస్తకం ఇచ్చారు కదా అని రాస్తున్నాను. నా పేరు సన్యాసమ్మ. అయిదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే ఉంటాయి.

బజారులో పప్పులు, బియ్యం, పిండి, నూనె అన్నీ గాదెల్లో విడిగా ఉంటాయి. జనం మా స్టీలు డబ్బాల్లో పోయించుకుని ఇంటికి తీసుకెళ్తారు. సరుకు అయిపోయాక డబ్బా తెచ్చి కిటికీలో కాటా మీద పెడతారు. పెట్టేది వాళ్ళే. నా చేతికి వచ్చేది తూచాకే. ప్రతి డబ్బా అడుగునా నెంబరు ఉంటుంది, దాని ఖాళీ బరువు కాటాకి తెలుసు. సరిపోతే "శుభ్రం, ధన్యవాదాలు" అని కాటా ఆడగొంతుతో చెబుతుంది. డబ్బా ఒక్క గ్లాసు నీళ్ళతో కడిగే వరసలోకి జారిపోతుంది. సరిపోకపోతే "తేడా, కారణం రాయండి" అంటుంది. ఆ డబ్బా రెండో కడుగుడుకి పోతుంది. దానికి నాలుగు గ్లాసుల నీళ్ళు.

ఇవాళ రెండు వందల పన్నెండు డబ్బాలు వచ్చాయి. రెండు వందల పదికి తేడా.

మొదటి తేడా నూకాలమ్మ పిన్నిది. ఆవిడ మా వీధే. కాటా తేడా అనగానే నడుం మీద చెయ్యి పెట్టుకుని దాని వంక చూసింది.

"ఏటే సన్యాసీ, ఏటంటాదిది?"

"డబ్బాలో ఏదో ఉందంటోంది పిన్నీ."

"ఉంటాది మరి. బెల్లం ముక్కేసినాను. ఒకరి గిన్నె ఒట్టిది ఎలాగిచ్చెత్తామే?"

ఆవిడ చెప్పింది నిజమే. ఇక్కడ అందరికీ అదే అలవాటు. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. చిటికెడు పంచదార, నాలుగు గింజలు, ఒక ఉప్పు రాయి, ఏదో ఒకటి వేసి ఇస్తారు. బజారు డబ్బా కూడా ఒకరి గిన్నే కదా. మూడేళ్ళ నుంచీ వేస్తూనే ఉన్నారు. నేను కిటికీ వెనక దులిపేసి కడిగేదాన్ని. కాటా లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

పలక మీద బెల్లం అని రాశాను. తరువాత పసుపు, సెనగపప్పు, బెల్లం, ఉప్పు, ఎండుమిరపకాయ అని రాశాను. మధ్యాహ్నానికి కిటికీ బయట ఇరవైమంది నిలబడ్డారు. ఫణీంద్రగారు వచ్చి చూశారు.

"సన్యాసమ్మా, ఇలా ఒక్కొక్కటీ రాస్తే సాయంత్రం దాకా తెమలదు. అన్నిటికీ కలిపి ఒక మాట అనుకోండి. అదే రాసెయ్యండి."

ఏం మాట రాయాలా అని కాసేపు ఆలోచించాను. మర్యాద అని రాశాను. అప్పటినుంచి పని తొందరగా సాగింది.

అయిదో రోజు, శుక్రవారం

తొట్టె రెండున్నరకే ఖాళీ అయింది. బజారుకి రోజుకి ఒక తొట్టె నీళ్ళే వదులుతారు. మెరక మీద ఎవరికైనా అంతే.

కడిగే వరస దగ్గర పని చేసేది అప్పలకొండ. నన్ను అప్పా అని, అక్కలా పిలుస్తాడు గాని నాకంటే రెండేళ్ళే చిన్న. గొట్టం మూతికి చెవి పెట్టి విన్నాడు.

"అప్పా, దీన్లో నీల్లు నేవు గాని గాలి బాగొత్తంది. గాల్తో తోమీమంటావా?"

"తోము. మెరిస్తే నాకూ చెప్పు."

"మెరుత్తాది. శ్రావణం ముందుంది. ఇంటింటా బెల్లమే. మనం సీమలకి సంబంధాలు సూసుకోవాల."

ఎనభై డబ్బాలు కడగకుండా మిగిలాయి. రేపు జనానికి డబ్బాలు చాలవు.

ఎనిమిదో రోజు, సోమవారం

డబ్బాలు చాలలేదు. నలభైమంది పప్పు కొనకుండా వెళ్ళిపోయారు. ఒకాయన చొక్కా విప్పి అందులో బియ్యం పోయించుకున్నాడు.

పెద్దాఫీసు నుంచి పలక మీద కబురు వచ్చింది. ఫణీంద్రగారు చదివి మా ఇద్దరికీ చెప్పారు. నీళ్ళ వాడకం హద్దు దాటింది, డబ్బాల పద్ధతి ఇక్కడ నడవడం లేదు, నెలాఖరులోగా దారికి రాకపోతే మెరక బజారులో సరుకులన్నీ పొర కట్టి అమ్ముతారట. పొర కట్టే యంత్రం బయలుదేరిందట.

"పొరంటే ప్లాస్టిక్కేనా బాబూ?" అని అడిగాను.

"ఇప్పుడు ఆ పేరు వాడటం లేదమ్మా. పొర అంటున్నారు."

"పారేస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదు," అన్నారు. పలక పక్కకి తిప్పి, "అదే కదా ఇబ్బంది," అన్నారు.

పదో రోజు, బుధవారం

ఇవాళ ఒక మెచ్చుకోలు పత్రం వచ్చింది. కొత్త కాటా పెట్టినప్పటినుంచి ఒక్క గ్రాము కూడా తేడా రాని ఇల్లు మెరక మొత్తంలో ఒకటే ఉందట. ఆరు వందల నలభై ఇళ్ళలో ఒకటి. ఆ ఇంటి నెంబరు మూడు వందల పద్దెనిమిది. ఆదర్శ గృహం అని పైన రాసి ఉంది. గోడకి అంటించమన్నారు. అంటించడానికి ఫణీంద్రగారు నన్నే పిలిచారు.

"మూడు వందల పద్దెనిమిది ఎవరిదో కనుక్కోండి సన్యాసమ్మా. వాళ్ళని పిలిచి నలుగురికీ చెప్పిద్దాం, డబ్బా ఎలా తేవాలో."

"నాదేనండి," అన్నాను.

ఆయన సంతోషించారు. అప్పలకొండ మాత్రం నేల చూశాడు. వాడికి తెలుసు. ఫణీంద్రగారు వేరే జిల్లా నుంచి వచ్చారు.

గిన్నె ఖాళీగా ఇచ్చేది ఒక్క ఇంటివాళ్ళే. చావు జరిగిన ఇంటివాళ్ళు. అక్కడి నుంచి వచ్చే గిన్నెలో ఏమీ ఉండకూడదు, ఏమీ లేదేమని ఎవరూ అడగకూడదు. ఇది ఎవరూ రాసి పెట్టలేదు. అందరికీ తెలుసు.

ఆ సంగతి కూడా రాస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

ఈ మెరక ఎక్కకముందు, మూడేళ్ళ క్రితం దాకా మా వీధివాళ్ళమంతా పల్లంలో ఉండేవాళ్ళం, సముద్రం పక్కన. మా ఆయన పడవ మీద వెళ్ళి రాలేదు, అది చాలా పాత సంగతి. నేనూ మా అమ్మాయి దమయంతీ ఉండేవాళ్ళం. దానికి పదిహేడేళ్ళు. ఆ వాన నాలుగు రోజులు పడింది. అయిదో రోజు పగలు పదకొండింటికి వీధిలో మోకాలు లోతు నీళ్ళు. తూము పూడిపోయిందన్నారు. పిల్లలు ఆరుగురు గెడలు పట్టుకుని వెళ్ళారు. దమయంతి ముందు ఉంది, పొడుగు కాబట్టి. తూము నోట్లో కవర్లు గోడ కట్టినట్టు ఉన్నాయట. పొడిచారు. అది ఒక్కసారిగా విడిపోయింది. నీళ్ళు తూములోకి లాక్కున్నాయి. అయిదుగురు పక్కనున్న స్తంభాన్ని పట్టుకున్నారు.

సాయంత్రం అవతలి వైపు దొరికింది. తూములోంచి తీసిన కవర్లు గట్టు మీద కుప్ప పోశారు. పాల కవర్లు, పిండి కవర్లు, బిస్కట్లవి, రెండు రూపాయల షాంపూలవి. అరటిపండుకి తొక్క ఉండగా దాని మీద చుట్టినవి. నేను ఆ కుప్ప పక్కన కూర్చున్నాను. అందులో మా ఇంటివీ ఉంటాయి. రవ్వ కవరు నేను కాలువలో పడేసింది కళ్ళారా చూశాను, పడేసింది నేనే కాబట్టి.

పత్రం గోడకి అంటించాను. కొంచెం వంకరగా వచ్చింది.

పన్నెండో రోజు, శుక్రవారం

పెద్దాఫీసు నుంచి ఎర్ర రంగులో కబురు. ఫణీంద్రగారు గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఇది వినండి. 'మెరక బజారు డబ్బాల్లో పన్నెండు రోజుల్లో రెండు వేల సార్లు మర్యాద అనే పదార్థం కనబడింది. మా జాబితాలో ఈ పదార్థం లేదు. ఇది ఎక్కడ తయారవుతోంది, ఆరోగ్యానికి హానికరమా అన్నది తెలియలేదు. పరీక్షాధికారి వచ్చి నమూనా సేకరిస్తారు. ఇది కలుషితమని తేలితే డబ్బాల పద్ధతి వెంటనే నిలిపివేసి, పొర పద్ధతి మొదలవుతుంది.'"

అప్పలకొండ కిటికీలోంచి విన్నాడు.

"అప్పా, మన వూర్ల మర్యాద ఇంత ఉందని నాకు ఇన్నాల్లూ తెలీదు. ఎవలి కాడా కనపడ్డాది కాదు."

"నవ్వకురా. నేను రాసిన మాట వల్ల వచ్చింది."

"మరేటి రాయాల? దుమ్ము అని రాత్తే దుమ్మే అనుకుందురు."

నిజమే. దుమ్ము అని రాసి ఉంటే ఎవరూ వచ్చేవారు కాదు. కాని వాళ్ళు వేసింది దుమ్ము కాదు. ఫణీంద్రగారు ఆ మాట మార్చి రాయవచ్చా అని పలకని అడిగారు. ఒకసారి పోయిన మాట వెనక్కి రాదని పలక చెప్పింది.

పధ్నాలుగో రోజు, ఆదివారం

ఈ రోజు కిటికీ బయట నిలబడ్డాను. లోపల అప్పలకొండని కూర్చోబెట్టాను. వచ్చినవాళ్ళకి ఒక్కొక్కరికీ చెప్పాను. ఇకనుంచి డబ్బా ఖాళీగా తెండి, లేకపోతే కవర్లు మళ్ళీ వస్తాయి, అని.

తలూపారు. మూత తీసి చూస్తే లోపల గింజలే. ఇప్పటికి పోనీ, ఇంకోసారి తెస్తాం అన్నారు. నూకాలమ్మ పిన్ని మాత్రం తలూపలేదు.

"ఒట్టి డబ్బా ఇచ్చీమంటావా?"

"అవును పిన్నీ."

"నా కొడుకున్నాడు, కోడలుంది, ముగ్గురు గుంటలున్నారు. ఇంట్ల దీపం ఎలుగుతంది. అలాటింటి కాణ్ణించి ఒట్టి డబ్బా ఒచ్చిందంటే చూసినోలు ఏటనుకుంతారు?"

"చూసేది కాటా ఒక్కటే పిన్నీ. దానికేం తెలుసు?"

"దానికి తెల్దు. నాకు తెలుసు గదే."

"కవర్లొస్తే ఏమవుతుందో నీకు తెలీదా?"

ఆవిడ నా మొహం చూసింది. ఆ రోజు గట్టు మీద నా పక్కన కూర్చున్నది ఆవిడే. మూడు పూటలు వాళ్ళింటి నుంచే గంజి వచ్చింది. ఆ గిన్నె నేను ఖాళీగానే ఇచ్చాను, ఆవిడ చూడనట్టు తీసుకుంది.

"నన్ను కవరు కొనీమను, కొనను. పస్తుంతాను," అంది. "ఒట్టి డబ్బా మాత్రం ఇవ్వనేను. నా సేత కాదు తల్లీ."

డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళిపోయింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు గింజలతోనే పెట్టారు. సాయంత్రం ఫణీంద్రగారు ఎన్ని తగ్గాయని అడిగారు. మూడు తగ్గాయని చెప్పాను. అవి రాకుండా పోయిన డబ్బాలని కూడా చెప్పాను.

పదహారో రోజు, మంగళవారం

పొర యంత్రం వచ్చింది. లారీలోంచి దింపడానికి ఎనిమిదిమంది పట్టారు. దానితో ఇరవై చుట్టలు. గాజులా మెరుస్తున్నాయి.

నడిపి చూపించడానికి వచ్చినాయన బియ్యం కట్టి చూపించాడు. తరువాత ఒక దోసకాయ. ఆ తరువాత కొబ్బరికాయ. కొబ్బరికాయ మీద పొర బిగుసుకుంటుంటే టప్ మని చిన్న చప్పుడు వచ్చింది.

"పీచుకి సలేత్తందనా?" అన్నాడు అప్పలకొండ.

ఎవరో నవ్వారు. అందరూ నవ్వలేదు. సంచిలో చంటిపిల్లని వేసుకున్న ఒక అమ్మాయి ఆ బియ్యం పొట్లం చేతిలోకి తీసుకుని చూసింది. "ఇది బాగుందండి. డబ్బా మోసుకుని రెండుసార్లు ఎక్కనక్కర్లేదు," అంది. తప్పేమీ లేదు. మెరక ఎక్కడం కష్టమే. నేనూ అలాగే కొన్నాను.

కొబ్బరికాయ బల్ల మీద ఉంది. నేను దాని పొర గోటితో చీల్చాను. సగం చేతికి అంటుకుంది. ఊడదీసి గుప్పెట్లో పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చేశాను. పని అయ్యేదాకా చేతిలోనే ఉంది. ఎక్కడ పడెయ్యాలో తెలియలేదు. బజారులో చెత్తబుట్ట లేదు, మూడేళ్ళుగా అవసరం రాలేదు.

పద్దెనిమిదో రోజు, గురువారం

పరీక్షాధికారి వచ్చారు. ఇందుమతిగారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. చేతికి తొడుగులు, మూడు గాజు గొట్టాలు.

"మర్యాద నమూనా కావాలి," అన్నారు.

"ఆ మాట రాసింది నేనేనండి."

"సరే. నమూనా ఉందా?"

అప్పుడే వచ్చిన డబ్బాల మూతలు తీసి చూపించాను. ఒకదాంట్లో పంచదార. ఒకదాంట్లో నాలుగు కందిగింజలు. ఒకదాంట్లో చింతపిక్క.

"మూడూ వేరు వేరు. ఇందులో మర్యాద ఏది?"

"మూడూనండి."

"చింతపిక్క తినేది కాదు కదా?"

"ఇంట్లో ఇంకేమీ లేనప్పుడు అదే వేస్తారమ్మా."

ఆవిడ గొట్టాలు పక్కన పెట్టారు. తొడుగులు మాత్రం తియ్యలేదు. నేను మొత్తం చెప్పాను. ఖాళీ గిన్నె సంగతి, నీళ్ళ సంగతి. మధ్యలో ఆవిడ ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు.

"వద్దని చెప్పి చూశారా?"

"చూశానండి. ముగ్గురు డబ్బాలు వెనక్కి పట్టుకెళ్ళిపోయారు."

"ఆపలేనిదాన్ని కొలవాలి. ఎంత ఉంటుందో చెబితే కాటాకి నేర్పుతాం. అంతవరకూ ఉంటే తేడా అనదు. మొదటి కడుగుడుకే పంపిస్తుంది. మీరు దులిపేస్తారు. నీళ్ళు సరిపోతాయి."

"యంత్రం వెళ్ళిపోతుందా అండి?"

"మర్యాదని జాబితాలోకి ఎక్కించగలిగితే వెళ్ళిపోతుంది. పలక మీద ఏడు ప్రశ్నలు వస్తాయి. అన్నీ నింపాలి. ఒక్కటి ఖాళీగా ఉన్నా తీసుకోదు. రేపు మధ్యాహ్నం రెండింటిదాకా గడువు. నింపాల్సింది మొదట ఆ మాట రాసినవాళ్ళే."

ఫణీంద్రగారు గొంతు సవరించుకున్నారు. "ఆవిడ పెద్దగా చదువుకోలేదండి," అన్నారు.

"మాట ఆవిడదే కదా," అన్నారు ఇందుమతిగారు.

పంతొమ్మిదో రోజు, శుక్రవారం

పొద్దున్నే కూర్చున్నాను. పలక ఒక్కో ప్రశ్న చదివింది.

పదార్థం పేరు. మర్యాద.

దేనితో తయారవుతుంది. ఇంట్లో ఏది ఉంటే దానితో.

గరిష్ఠ బరువు ఎంత. ఇది చెప్పడానికి నూకాలమ్మ పిన్నిని పిలిపించాను. కాటా దగ్గర నిలబెట్టి, నీకు చేతికి వచ్చినంత వెయ్యి అన్నాను. ఆవిడ అనుమానంగా వేసింది. రెండు గ్రాములు. "కంపెనీ సూత్తన్నాదంటే మరికాస్తెయ్యనా?" అని ఇంకొంచెం వేసింది. మూడు గ్రాములు. మూడు అని రాశాను.

హానికరమా. కాదు.

ఎవరి కోసం. ఇక్కడ ఆగాను. తినేది ఎవరూ లేరు, నేను దులిపేస్తాను. డబ్బా ఇచ్చినవాళ్ళ కోసం అని రాశాను.

అన్ని ఇళ్ళ నుంచీ వస్తుందా. రాదు, చావు జరిగిన ఇంటి నుంచి రాదు.

ఏడోది ఇది. కాటాకి ఇకమీదట మూడు గ్రాములలోపు ఎంతైనా ఉండటమే మామూలు. ఏమీ లేకుండా వస్తే డబ్బా మారిందని అనుకుని, ఇంటివాళ్ళని నిలబెట్టి కారణం అడుగుతుంది. చావు జరిగిన ఇంటిని అడగకుండా వదిలెయ్యాలంటే ఎన్నాళ్ళో దానికి తెలియాలి. అందుకని పలక అడిగింది. మరణం జరిగిన రోజు నుంచి ఎన్ని రోజులు. అంకె మాత్రమే వెయ్యండి.

అప్పటికి పదకొండున్నర.

అలవాటు ప్రకారం ఏడాది. సంవత్సరీకం పెట్టాక డబ్బాలో మళ్ళీ వెయ్యాలి. నేను సంవత్సరీకం పెట్టాను. రెండు సార్లు డబ్బాలో బియ్యం గింజలు వేసి, మూత పెట్టి, మళ్ళీ తీసి ఒంపేశాను. ఎందుకో అడిగితే చెప్పలేను.

"మూడు వందల అరవై అయిదు వేసెయ్యండి సన్యాసమ్మా," అన్నారు ఫణీంద్రగారు. అప్పటికి ఆయనకి ఎవరో చెప్పారు. గోడ మీద పత్రం పొద్దున్న లేదు. "మీ ఇంటి సంగతి నేను చూసుకుంటాను. కాటా అడిగితే నేను వచ్చి ఏదో ఒకటి నొక్కుతాను."

"మీరు లేని రోజు?"

ఆయన గడియారం చూశారు.

నూకాలమ్మ పిన్ని ఇంకా బల్ల పక్కనే ఉంది. "ఏడాదని రాసీయే. అంకెకేటి?" అంది.

"నువ్వు చెప్పు పిన్నీ. చిన్నాన్న పోయి ఎన్నేళ్ళయింది?"

"పదకొండు."

"డబ్బాలో ఎప్పటినుంచి వేస్తున్నావు?"

ఆవిడ కొంగు సర్దుకుంది. "ఏడాది తిరిగినాక ఎయ్యక తప్పదు గదే, పిల్లలున్నోల్లం. ఏసినాను. ఏసిన పెతిసారీ ఆయనికి సెప్పే ఏసినాను." కాసేపు కాటా వంక చూసింది. "నీకెవులున్నారని ఎయ్యాల? నీ కాడికొచ్చీసరికి ఆ లెక్క కుదర్దు. నీ ఇష్టమొచ్చింది రాయి."

ఒంటిగంట దాటింది. అప్పలకొండ కడగడం మానేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో గొట్టం అలాగే ఉంది. బయట యంత్రం నడిపే ఆయన చుట్టల మీది కాగితం విప్పుతున్న చప్పుడు వినబడుతోంది. రెండింటికి ఈ గడి ఖాళీగా ఉంటే ఆయన మొదలుపెడతాడు.

గడిలో సున్నా వేసి చూశాను. సున్నా చెల్లదని పలక చెప్పింది. ఏడాది అని అక్షరాల్లో రాసి చూశాను. అంకె మాత్రమే అంది. మూడు వేశాను, ఆరు వేశాను, అయిదు వేశాను. ఒప్పుకుంటున్నారా అని అడిగింది. లేదని నొక్కాను.

తరువాత తొమ్మిది వేశాను. పక్కన ఇంకో తొమ్మిది. మూడోది, నాలుగోది. ఒప్పుకుంటున్నారా అంది. అవునని నొక్కాను.

పలక మీద చక్రం కాసేపు తిరిగింది. "మర్యాద జాబితాలో చేరింది" అని చెప్పింది. అప్పుడు ఒకటీ నలభై.

మూడున్నరకి యంత్రాన్ని లారీ ఎక్కించారు. ఎక్కించడానికి కూడా ఎనిమిదిమందే పట్టారు. పొట్లం బాగుందన్న అమ్మాయి డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చింది, ఆయాసపడుతూ. చంటిపిల్లని నేను ఎత్తుకున్నాను, ఆవిడ పప్పు పోయించుకునేదాకా.

సాయంత్రం ఫణీంద్రగారు లెక్క కట్టారు. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది రోజులంటే ఇరవై ఏడేళ్ళ పైచిలుకు. ఇందులో మూడేళ్ళు ఎలాగూ అయిపోయాయి.

"అంత పెద్ద అంకె ఎందుకు వేశారు?" అని అడిగారు. కోపంగా కాదు.

నేను అయిదో తొమ్మిది కూడా వెయ్యబోయాను. గడిలో పట్టలేదు.